పడవకి విలువ కట్టిన రోజు

ఆ రోజుల్లో మా గోదావరి పక్కన ప్రతి వస్తువుకీ రెండు విలువలుండేవండి. ఒకటి అరుగు మీద చెప్పుకునేది, రెండోది ఆఫీసులో రాయించేది. అరుగు మీద బంగారం పండే కొబ్బరితోట, రిజిస్ట్రారాఫీసు మెట్లెక్కేసరికి ముళ్ళకంపలు మొలిచిన ఇసకదిబ్బ అయిపోయేది. పెళ్ళిచూపుల్లో రెండంతస్తుల మేడ, ఇంటిపన్ను కట్టేచోట వర్షానికి కారే వసారా. దీన్ని ఎవరూ అబద్ధం అనుకునేవారు కాదు. పెద్దల ముందు చొక్కా గుండీలు పెట్టుకున్నట్టు, గవర్నమెంటు ముందు కాస్త వంగి నిలబడటం, అంతే. ఈ విద్యలో మా మావయ్యని మించినవాడు రెండు జిల్లాల్లోనూ లేడు. ఆయన జన్మలో ఏ వస్తువునీ అసలు ధరకి రాయించి ఎరగడు. (ఓటరు లిస్టులో తన వయసు కూడా తగ్గించే రాయించాడు. ఎప్పుడైనా దాని మీద కూడా పన్ను వేస్తారేమోనని ముందుజాగ్రత్త.)

మా నాన్న పడవ నడిపే సరంగు. ఆయన పోయాక పడవ నా పేరు మీదికి వచ్చింది, దాంతోపాటు రేవు దాటే జనమూ వచ్చారు. ఎనిమిదో క్లాసులోనే చదువూ నేనూ గొడవ పడకుండా విడిపోయాం గనక నాకు వేరే పనేం లేదు. చేతులు తెడ్డు వేస్తుంటే నోరు జోకులు వేసేది. ఇవతలి ఒడ్డున మొదలెట్టిన కబురు అవతలి ఒడ్డుకి చేరేసరికి సరిగ్గా ముగిసేది. ముగియకపోతే దిగకుండా కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇదంతా నా గొప్పే అనుకునేవాణ్ణి. ఇంతలో రేవుకి కాస్త ఎగువన వంతెన లేచింది. నా జోకులకి పొట్ట పట్టుకుని నవ్విన జనమంతా మర్నాడే బస్సెక్కి వంతెన మీంచి వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా వెనక్కి తిరిగి ‘అబ్బాయ్, ఆ కబురు సగంలో ఉంది’ అనలేదు. రేవులో నేనూ పడవా మిగిలాం.

ఇక లాభం లేదని రావులపాలెంలో ఎస్టీడీ బూతు నడిపే ఒకాయన దగ్గర పాత ఆటో చూసుకుని బయానా ఇచ్చొచ్చాను. పౌర్ణమిలోపు మిగతా సొమ్ము తెస్తే ఆటో నాది, లేకపోతే బయానా ఆయనది. సొమ్ము రావాలంటే పడవ అమ్మాలి. దేవుడి దయవల్ల కొనేవాడు వెతుక్కుంటూ వచ్చాడు. అవతలి లంకలో అరటితోటలున్న ఆసామి. గెలలు ఒడ్డుకి చేర్చుకోవడానికి ఆయనకో పడవ కావాలి. రేవులో అందరూ గెలలాయన అనేవారు. ఆయన ఎదట మా పడవని ఎంత పొగిడానంటే, పాపం ఆయన బేరం కూడా సరిగ్గా ఆడలేకపోయాడు. “ఇది నీళ్ళ మీద నడవదండీ, జారుద్దండి. టేకు చెక్కండి. మీ మనవలు కూడా దీని మీదే గెలలు తోలతారండి” అన్నాను. తాంబూలాలు పుచ్చుకున్నాం. ఒకటే షరతు పెట్టాడు. “పేరు మారితేనే డబ్బు అబ్బాయ్. పడవ నా దగ్గర, నంబరు నీ పేరు మీద ఉంటే రేపేదైనా గొడవొస్తే పోలీసులు మీ ఇంటికొస్తారు, నువ్వు మా ఇంటికొస్తావు. ఎందుకొచ్చిన తిరుగుడు?”

పేరు మార్చాలంటే పడవల ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా వచ్చి చూసి, ఇంత విలువ అని రాయాలి. దాన్నిబట్టి పన్ను. పన్ను చెరిసగం అనుకున్నాం గనక తగ్గించడంలో గెలలాయనకీ నాకూ ఒకటే మాట. మా అరుగు మీద సమావేశం జరిగింది. మావయ్య కాళ్ళూపుకుంటూ సూత్రం చెప్పాడు. “చూడరా అల్లుడూ, పన్ను విలువని బట్టి. విలువ పడవని బట్టి. పడవ నీ నోటిని బట్టి.” ఏర్పాట్లన్నీ ఆయనే చేశాడు. అడుగున నాలుగు బిందెల నీళ్ళు పోయించాడు. మంచి తెడ్డు తీసి పశువుల పాకలో దాపించాడు. కొత్త తాడు విప్పించి, బావి దగ్గర పారేసిన చేంతాడు కట్టించాడు. ఆత్రేయపురం వెళ్ళి పూతరేకుల పెట్టె తెచ్చాడు. చివరికి మా అమ్మ దగ్గరికెళ్ళి, “అక్కా, దాని మొహాన ఆ పసుపూ బొట్టూ కడిగెయ్యి. దిక్కులేనిదానిలా కనపడాలి” అన్నాడు. అమ్మ బియ్యం చేట కింద పెట్టి, “ముందు నీ మొహం కడుక్కో. ఇన్నేళ్ళు అన్నం పెట్టినదాన్ని దిక్కులేనిదనడానికి నోరెలా వచ్చిందిరా?” అని లోపలికెళ్ళిపోయింది. ప్రతి శుక్రవారం పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టడం నాన్న ఉన్నప్పటి నుంచీ ఆవిడ అలవాటు. ఆవిడ సంగతి తెలిసి కూడా ఇన్‌స్పెక్టరు గారిని శుక్రవారమే రమ్మనడం మా మావయ్య తెలివితేటలకి మచ్చుతునక.

ఇన్‌స్పెక్టరు గారు గొడుగేసుకుని నడిచొచ్చారు. సన్నగా, నిద్రలోంచి ఇప్పుడే లేచినట్టున్నారు. పూతరేకులు చూపిస్తే “షుగరయ్యా” అని పక్కకి తోశారు. (ఆ పెట్టె అక్కడే కూర్చున్న గెలలాయన ఒళ్ళోకి చేరింది.) “పడవేది?” అన్నారు. అంతే, నేను అందుకున్నాను. “అదేనండి. పడవ అనడం మీ పెద్దమనసు. అడుగు చెక్కలు మా తాతగారి పళ్ళలా దేని దారి దానిదేనండి. ఎడంపక్క వాలు చూశారా? పక్షవాతం. ఖాళీగా ఉంటే మూలుగుద్ది, మనిషెక్కితే ఏడుస్తది. చెక్కల సందుల్లో కుక్కిన నార రాలిపోయి బట్టతల పడిపోయిందండి. ఎప్పుడూ పక్కన ఒకడుండి కనిపెట్టుకుని చూడకపోతే నాలుగడుగులు కదల్లేదు. పూటపూటా తారు పుయ్యాలి, ముసలోళ్ళకి మందుల్లాగ.” రేవులో గుడ్డలుతికేవాళ్ళు పని ఆపి నవ్వడం మొదలెట్టారు. వంతెన వచ్చాక నవ్వే జనాన్ని చూడటం అదే మొదలు. నాకింక పగ్గాల్లేవు. మా నాన్న ఆఖరి క్షణాల్లో దీని గురించి ఎంత బెంగపడ్డాడో చెప్పి కళ్ళు కూడా తుడుచుకున్నాను. మావయ్య ‘భేష్’ అన్నట్టు తలూపాడు.

మెచ్చుకుంటాడని గెలలాయన వైపు చూశానండి. చేతిలో పూతరేకు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. మొహం పచ్చి అరటికాయలా అయింది. మెల్లగా నా పక్కకి జరిగి, “ఎడంపక్క వాలుందని నాకు చెప్పలేదేంటబ్బాయ్?” అన్నాడు.

“అయ్యో, ఊరికే అంటున్నానండి. మనం అనుకున్నదే కదండీ.”

“ఊరికే అన్నట్టు లేదు. కళ్ళంట నీళ్ళెట్టుకున్నావు.”

“అది నటనండి బాబూ!”

“మొన్న జారుద్దండి, టేకండి అన్నప్పుడు కూడా ఇలాగే చెప్పావు. ఏది నటన?”

ఆయన పెట్టె కింద పెట్టేసి, “నాకొద్దు బాబూ. నాకు పిల్లలున్నారు” అని గట్టు మీదికెక్కి నిలబడ్డాడు. ఆటో కళ్ళముందే కిక్కు కొట్టి వెళ్ళిపోతున్నట్టనిపించింది.

ఇన్‌స్పెక్టరు గారు మాత్రం పడవ చుట్టూ తిరిగి, ముక్కు దగ్గర వంగి, వేలితో తాకి చూశారు. వేలికి పసుపంటింది. “రేపోమాపో పోయేదానికి పొద్దున్నే బొట్టెవరు పెట్టారయ్యా?” అన్నారు. మావయ్య చేతులు కట్టుకుని, “సుమంగళిగా సాగనంపుదామనండి” అన్నాడు. ఆయన నవ్వలేదు. ప్యాంటు మడుచుకుని పడవెక్కి మధ్య బల్ల మీద కూర్చున్నారు. “అవతల నాకింకో పనుంది. వంతెన దాకా ఎవడు నడుస్తాడు? పోనియ్.” మావయ్య అడ్డం పడ్డాడు. “వద్దండీ, ప్రమాదం! మునిగితే?” “మునిగితే సున్నా రాస్తాన్లే” అని గొడుగు విప్పారు.

పోసిన నీళ్ళన్నీ మళ్ళీ నేనే తోడాను. పాకలోంచి తెడ్డు తెప్పించాను. ఏరు మధ్యకొచ్చాక గమనించాను, పడవ చప్పుడే చెయ్యడం లేదు. ఒక్కసారి మూలగవే తల్లీ, కొంచెం ఒరగవే అని లోలోపల వేడుకున్నాను. ఊహూఁ. అంతమంది ముందు అన్ని మాటలన్నా, పేరంటానికి వెళ్తున్న ముత్తైదువలా తలొంచుకుని వెళ్తోంది. గట్టు మీద గెలలాయన చిన్న చుక్కయ్యాడు. అప్పుడు వెలిగింది నాకు. తెడ్డు ఆపి, “సార్, ఒక మనవండి. విలువ ఎక్కువ రాయండి” అన్నాను.

ఆయన గొడుగు కొంచెం పైకెత్తి చూశారు. “ఏంటీ?”

“మీకు ఎంత తోస్తే అంతండి. పన్ను నేను కట్టుకుంటాను.”

“ఇందాక దీనికి పక్షవాతమన్నావు.”

“తగ్గిపోయిందండి.”

అప్పుడు నవ్వారండి, గొడుగు ఊగేలా. “నా సర్వీసులో పన్ను పెంచమని అడిగినవాణ్ణి నిన్నే చూడటం. నువ్వు పెంచమన్నావని పెంచను, తగ్గించమంటే తగ్గించేవాణ్ణీ కాదు. ఉన్నదే రాస్తా” అని, తడి అంటకుండా అవతల దిగి వెళ్ళిపోయారు.

తర్వాత కాగితం చేతికొచ్చింది. అందులో ఆయన రాసిన విలువ మేం బేరం కుదుర్చుకున్న ధర కన్నా కాస్త ఎక్కువే. ఆ కాగితం పట్టుకుని, పడవేసుకుని లంకకి పరిగెత్తాను. నేను ఒక్క ముక్క మాట్లాడలేదు, కాగితం చేతిలో పెట్టి పక్కన నిలబడ్డాను. గెలలాయన దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. “ఆఫీసు కాగితాల్లో ఎప్పుడూ తగ్గించే కదా రాసేది? ఆఫీసులోనే ఇంత రాశారంటే, అసలు ఎంతుంటదో!” అని గబగబా లోపలికెళ్ళి డబ్బు తెచ్చిచ్చాడు, నేను ధర పెంచేస్తానేమోనని భయపడి. ఆయన వాటా పన్ను కూడా నేనే కట్టాను, ఆ నోరు నాది గనక. అందువల్ల ఆటో వచ్చిందిగానీ స్టెప్నీ రాలేదు. మావయ్య, “మన రెండు వంశాల్లోనూ అసలు విలువ రాయించినవాడు లేడురా. పరువు తీశావు” అని నాతో మాట్లాడటం మానేశాడు.

పడవని తీసుకెళ్ళే రోజు అమ్మ కొబ్బరికాయ కొట్టి, ముక్కు దగ్గర వంగి ఏదో గొణిగింది. ఏం చెప్పావే అని అడిగితే, “నీ మాటలేవీ పట్టించుకోవద్దని చెప్పాను” అంది. తర్వాత చాలా ఏళ్ళు నేను వంతెన మీద ఆగిపోయిన ఆటో తోసుకుంటూ వెళ్ళినప్పుడల్లా కింద గెలల పడవ జారుకుంటూ వెళ్ళేది. గెలలాయన కింద నుంచి, “ఏమబ్బాయ్, విలువ కట్టించమంటావా?” అని అరిచేవాడు.

మొన్న మోకాళ్ళ నొప్పులకి డాక్టరు గారి దగ్గర కూర్చుని నా బాధలు ఏకరువు పెడుతుంటే, సగంలో నాకే నవ్వొచ్చింది. పళ్ళు దేని దారి దానివే. ఎడంపక్క వాలు. లేస్తే మూలుగు. నెత్తి మీద నారంతా పోయింది. పూటపూటా మందులు. ఎక్కడో విన్నానే అనుకున్నాను. అక్షరం పొల్లుపోకుండా ఆ రోజు రేవులో నేను చదివిన దండకమే. అమ్మ చెప్పినట్టే పడవ వాటిని పట్టించుకున్నట్టు లేదు. పాపం అవి ఇన్నాళ్ళూ తిరిగి తిరిగి, ఎవరి నోట్లోంచి వచ్చాయో వాడి దగ్గరికే చేరాయి. డాక్టరు గారు అటూ ఇటూ వంచి చూసి, “ఇంకొన్నాళ్ళు నడుస్తుంది లెండి” అన్నారు. ఉన్నదే చెప్పారో, నా మొహం చూసి ఎక్కువ చెప్పారో మరి. బయటికొచ్చాక చూసుకుంటే అది శుక్రవారం. అమ్మ ఉంటే పొద్దున్నే నా నుదుటన కూడా ఓ బొట్టు పెట్టి పంపేదే అనుకుంటూ, ఎడంపక్కకి కాస్త వాలి, ఇంటిదారి పట్టాను.