సారు ఎగరేసిన చింతగింజలు

నమస్తే దోస్తూ. ఇంత ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోకు. మనకు కంప్యూటర్ నేర్పిన సారు పోయారు. పొద్దున్నే వాళ్ల ఇంటామె చాయ్ పెట్టి లేపబోతే లేవలేదట. ఆలేరులో ఉన్న నీకు ఆ రోజే చెప్పాల్సింది. ఫోన్ తీసిన ప్రతిసారీ నీ నంబరు దాకా పోయి మళ్లీ పెట్టేశాను. ఇవాళ దుకాణంలో గిరాకీ లేదు, కూర్చుని టైప్ చేస్తున్నా. మనతో చదివిన వాళ్ల గ్రూపులోనూ ఇదే పెడతా.

మహబూబ్‌నగర్‌లో సారు వాళ్ల మిద్దె మీది ఆ రేకుల గది గుర్తుందా? సారు జేబులో ఎప్పుడూ చింతగింజలే. మన అవ్వలు పచ్చీసు ఆడటానికి ఒక వైపు తెల్లగా అరగదీసుకుంటారే, అవి. ఎంట్రోపీ పాఠం వాటితోనే మొదలుపెట్టారు.

"నేను బయటికి పోత. ఒక జట్టు గింజలెగరేసి తెలుపో నలుపో పడ్డది పడ్డట్టు బోర్డు మీద రాయుండ్రి. ఇంకో జట్టు ఉత్తగ మనసుల అనుకొని రాయుండ్రి."

మనది మనసు జట్టు. తిరిగొచ్చి చూడగానే పట్టేశారు.

"ఇది తలకాయ రాసింది. వరుసగ తెలుపులు రాంగనే భయపడి నలుపు ఏసిండ్రు."

"గింజలు వరుసగ తెల్లగనే పడితె మీరే మోసమంటరు గద సార్," అన్నావు నువ్వు.

"గింజకు సిగ్గుండదురా. మనకే ఉంటది. గందుకే మన మనసు దొరికిపోతది, గింజ దొరకది."

తర్వాత నా మీద పడ్డారు. "ఎండాకాలం మీ నాయిన దుకాణానికొచ్చినోడు ఏమడుగుతడు?"

"ఫ్యాను, సార్."

"నోరు తెరవకముందే తెలిసె. ఇగ గా మాటల కొత్త కబురేముంది? చలికాలం కూలరడిగితె తలెత్తి చూస్తవు. రాబోయే కబురు గురించి మనకెంత తెల్వదో, గా తెల్వనితనాన్ని కొలిచేదే ఎంట్రోపీ."

ఆ దుకాణం ఇప్పుడు నాదే. చలికాలంలో ఎవరైనా కూలర్ అడిగితే ఇప్పటికీ ఆయనే గుర్తొస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఎండాకాలం సెలవుల్లో మర్రిగూడ దిక్కు బడిపిల్లలకు ఇవే పాఠాలు మన మాటల్లో చెప్తానని సారు ఒప్పుకున్నారు. అన్నీ తయారుచేసి కంప్యూటర్‌లో పెట్టుకున్నారు. అది తెరుచుకోవడం లేదని సారు ఇంటామె, మనం అమ్మా అని పిలిచే ఆమె, నన్ను పిలిచారు. పాస్‌వర్డ్ అడిగింది. సారు పెళ్లిరోజు, బిడ్డ పేరు, సొంతూరు, అన్నీ కొట్టి చూశాను.

"ఎందుకు బిడ్డా అవస్థ? గింజలెగరేసి పెట్టుకున్నడు, నా ముంగటనే," అన్నారు అమ్మ. ఏడుస్తూనే నవ్వారు. "నాకన్న చెప్పుమంటె, చెప్తే తాళమెట్లయితదే అన్నడు."

రిపేరు చేసే అతను కూడా చూసి, లోపలిదంతా తాళంలోనే ఉంది, రాదన్నాడు. పిల్లలకు మాటిచ్చిన పాఠాలు ఆయనతోనే పోయాయనుకున్నాను.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. ఒకసారి సారు బస్సులోంచి దుకాణానికి ఫోన్ చేసి, ఇంటికి ఏ బల్బులు పంపాలో చెప్పారు. సిగ్నల్ లేక సగం మాటలు తెగిపోయాయి. అయినా సరిగ్గా అవే పంపాను. "సూసినవా," అన్నారు మురిసిపోతూ, "భాషల జర మిగులుంటది. సగం పోయినా ఉన్న సగం దాన్ని నిలబెడ్తది."

మన క్లాసులో చదివి ఇప్పుడు టీచరైన మా చెల్లెను పిలిచాను. సారు ఇంట్లోనే కూర్చుని ఒక్కో పాఠం గుర్తుచేసుకున్నాం. ఎంట్రోపీ అంటే కలగాపులగం అని నేను మొదలుపెట్టగానే ఆపేసింది.

"కాదన్నా. అంత కలిసిపోయి ఉన్నా, ఏది వస్తదో ముందే తెలిస్తె ఎంట్రోపీ ఏడిది? సారు ఉంటె నీకు చెవు మెలేస్తుండె."

వంటింట్లోంచి అమ్మ కూడా అందుకున్నారు. ఆమె అన్నేళ్లు ఉత్తగానే వినలేదు. నేను మరిచింది చెల్లె చెప్పింది, చెల్లె తప్పుగా చెప్పినది అమ్మ దిద్దారు. పాఠాలు దాదాపు నిలబడ్డాయి.

ఒక్కటే మిగిలింది. పెద్ద ఫైలును చిన్నగా ఎట్లా కుదిస్తారో చెప్పిన పాఠం. తరచుగా వచ్చేదానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడుగు గుర్తు అన్నంతవరకే మాకు తెలుసు. ఆ రోజు నేను దుకాణంలో ఉండిపోయాను, చెల్లెకు జ్వరం. ముందు బెంచీలో నువ్వున్నావు.

అమ్మ ఇచ్చిన గింజలు గల్లాపెట్టె పక్కనే ఉన్నాయి. పొద్దున ఊరికే ఎగరేశాను. అన్నీ తెల్లవే పడ్డాయి. సిగ్గు లేనివి. నువ్వు చూస్తావని కదపకుండా అట్లాగే ఉంచాను. ఎప్పుడొస్తున్నావు?