ఎల్లిగడ్డ వాసన వేసే రాయి

నేల కింది నీళ్లు చూడటం నా ఉద్యోగం. ఇల్లు వనపర్తిలో, బతుకు జీపులో. ఇన్నేళ్లలో మోకాళ్లు అరిగాయి, నోరు పదునెక్కింది, నేను మంచి వార్త మోసుకెళ్లిన ఊళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బోరు వేయవద్దని చెప్పిన ఊళ్లు కొన్ని, వేసినా నీళ్లు పడవని చెప్పినవి కొన్ని, పడ్డా తాగవద్దని చెప్పినవి ఇంకొన్ని. ఎండాకాలం వస్తోందంటే నాకు ఎండకన్నా ముందు ఆ ఊళ్లవాళ్ల ముఖాలు గుర్తొస్తాయి. ఒకప్పుడు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది, అదే నాకు బాధ.

ఈ ఊరు గద్వాలకు పడమట, కర్ణాటక సరిహద్దు వైపు ఉంటుంది. తాగునీటి పైపు లైనుకు చిట్టచివర ఉన్న ఊరు. ఎండలు ముదిరాక నల్లా తిప్పితే గాలి చప్పుడు తప్ప ఏమీ రాదు. అలాంటప్పుడు ఊరంతా బిందెలు పట్టుకుని ఒక పెద్దమ్మ చేనుకు నడిచేది. ఆమె ఇల్లు ఊరవతల ఎస్సీ కాలనీలో. ఆమె చేనులో పాత కాలపు గని గుంత ఒకటుంది. ఎవరు తవ్వారో ఎవరికీ తెలియదు. పైన ఒక మనిషి దూరేంత సందు, లోపల నిండా నీళ్లు. ఆమే, ఆమె భర్తా బతుకంతా దేశాలు పట్టుకు తిరిగి డ్యాములకూ కాలువలకూ మట్టి మోశారు. భర్త పోయాక, మిగిలిన కాస్త డబ్బుతో ఆమె తిరిగొచ్చి ఆ గుంతలో మోటరు దించింది.

ఆ గుంత దగ్గర ట్యాంకు కట్టి ఊరంతటికీ నీళ్లివ్వవచ్చా అని పంచాయతీ వాళ్లు అడిగారు. ఎంత నీరుందో చూసి రమ్మని ఆఫీసు నన్ను పంపింది.

ఆ వైపు నేలంటే నాకు ఇష్టం, నా అలసటకు అందని ఇష్టం అదొక్కటే మిగిలింది. ఎటు చూసినా గ్రానైటు గుండ్లు, వాటి మధ్య సన్నని పట్టీలా నల్లపచ్చ రాయి. మనుషులు కాదు కదా గడ్డిపోచ కూడా లేని కాలంలో, నీళ్ల అడుగున పారిన లావా అది. తర్వాత నలిగి నలిగి పలకలుగా మారింది. ఆ పలకల పగుళ్లలోకి లోతుల నుంచి మరిగే నీళ్లు ఎక్కివచ్చి, చల్లారి, తమలో కరిగి ఉన్నదంతా అక్కడే వదిలేశాయి. తెల్లటి పలుగురాయి చార అలా ఏర్పడిందే. పలుగురాయితో పాటు కంటికి ఆనని బంగారం, ఇత్తడిలా మెరిసే గంధకపు ఖనిజాలు, ఇంకా పాత వెండి పట్టీ రంగులో మరో ఖనిజం. ఆ చివరిదానిలో ఇనుమూ గంధకంతో పాటు ఆర్సెనిక్ ఉంటుంది. ఎలుకల మందుల్లో వాడిన విషమే అది. బంగారం ఉన్నచోట చాలాసార్లు అదీ ఉంటుంది, పెళ్లివారి వెంట వచ్చిన పిలవని చుట్టంలాగా.

పాతవాళ్లు ఆ తెల్లచార వెంటే దిగారు. చార కొంచెం పడమటికి వాలితే వాళ్లూ పడమటికి వాలారు. అది సన్నబడిన చోట పక్కకు తిరిగి పాక్కుంటూ పోయారు. కట్టెలు పేర్చి మంటపెట్టి, రాయి కాగాక నీళ్లు చల్లి పగలగొట్టేవాళ్లు. టార్చి వేసి చూస్తే సందు గోడల మీద మసి ఇంకా కనిపించింది. పైన బండల మీద రోళ్లలాంటి గుంతలున్నాయి, తవ్విన రాయిని దంచినవి. నీళ్లు ఊరిన చోట వాళ్ల పని ఆగిపోయింది. తోడే దారి లేక వదిలేసి పోయారు. వాళ్లను ఓడించిన ఆ నీళ్లే ఇప్పుడు ఊరి గొంతు తడుపుతున్నాయి కదా అని ఆ రోజు నేను కొంచెం ముచ్చట కూడా పడ్డాను.

ఎండలో నేను చెమటలు కక్కుతుంటే పెద్దమ్మ చెంబుతో వచ్చి కొంచెం దూరంలో నిలబడింది. "నీళ్లు తాగుతవా మేడం?" అని అడిగింది. అడగడంలోనే వెనక్కు పోవడానికి ఒక కాలు సిద్ధంగా ఉంది. "ఇయ్యి పెద్దమ్మా, పానం పోతుంది" అని తీసుకుని గటగటా తాగేశాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. డ్రైవరు మాత్రం జీపులో బాటిల్ ఉందన్నాడు. పెద్దమ్మ ఆ మాట విననట్టే ఉండిపోయింది.

అప్పుడే ఊరి ఆడవాళ్లు వచ్చారు. ఆమె స్విచ్చు వేసి, పైపు పట్టుకుని ఒక్కొక్క బిందె నింపింది. నిండు బిందె నెత్తి మీదికి చేరాలంటే రెండో మనిషి చేయి వేయాలి. వచ్చిన వాళ్లు కొందరు తమలో తామే ఎత్తుకున్నారు, ఇద్దరు ముగ్గురు పెద్దమ్మ వైపు తిరిగి "జర ఎత్తవ్వా" అన్నారు. ఆమె ఎత్తింది. వాళ్లు వెళ్లాక నా పక్కన గట్టు మీద కూర్చుని, చిన్నపిల్ల బొమ్మ చూపించినట్టు చెప్పింది.

"మొదట్ల పైపు నన్ను ముట్టనియ్యకపోతుండ్రి మేడం. స్విచ్చేసి దూరం జరుగు అంటుండ్రి. పోయినేడు పటేలోళ్ల కోడలు ఒక్కతే ఒచ్చింది. ఎత్తెతందుకు ఎవలు లేరు. జర ఎత్తవ్వా అన్నది. నా చెయ్యి దాని బిందెకు తగిలింది. ఏమనలే. నెత్తిన పెట్టుకొని పోయింది. గా నీళ్లే తాగిండ్రు ఇంట్ల అందరు."

తర్వాత మోటరు వైపు చూస్తూ కూర్చుంది. నేను అలవాటుగా రెండు బాటిళ్లలో నీళ్లు పట్టుకుని, గుంత పక్కన కుప్పలోంచి వెండి మెరుపున్న రాయి ఒకటి జీపులో వేసుకుని వచ్చేశాను. ఆ రాయి చూసినప్పుడే నా మనసులో అనుమానం మెదిలింది. ఎప్పటిలాగే, కాకపోతే బాగుండునని అనుకున్నాను.

కాకపోలేదు. పరీక్ష ఫలితం వచ్చింది. ఆ నీళ్లలో ఆర్సెనిక్ తాగకూడనంత ఉంది. ఒకరోజు తాగితే ఏమీ కాదు. ఏళ్ల తరబడి తాగితే అరచేతుల్లో ఆనెలు కట్టి, చర్మం మచ్చలు పడి, లోపల పెద్ద రోగాలే వస్తాయి. మరిగించినా పోదు. ఆఫీసులో అందరూ అయ్యో అన్నారు. వెళ్లి చెప్పే పని మాత్రం నాకే వచ్చింది. ట్యాంకరు పంపే పని ఇంకొకరిది, ఆ ఇంకొకరు ఎప్పుడు ఫోన్ చేసినా మీటింగులో ఉంటారు.

ఊరికి చెప్పే ముందు ఆమెకు చెప్పాలనిపించి నేరుగా ఆమె ఇంటికే పోయాను. గోడకు శిలువ బొమ్మ క్యాలెండరు, కింద చాప. చెప్పినంతసేపూ నా నోటి వైపే చూసింది.

"వాసన లేదు, రంగు లేదు, తియ్యగున్నయి. నువ్వు గూడ తాగితివి కద మేడం?"

"తాగిన పెద్దమ్మా. తెల్వక తాగిన."

"పత్తికి పెట్టుకోవచ్చునా?"

"పత్తికి పెట్టు. వరికి వద్దు. పిల్లలకు, గొడ్లకు అస్సలు వద్దు."

చాలాసేపు చాప అంచు గోకుతూ కూర్చుంది. ఆమె నీళ్ల గురించి బాధపడుతోందని అనుకున్నాను. కాదు.

"చెప్పు మేడం. చెప్పకుంటె పాపం తగులుతది, పిల్లలు తాగుతుండ్రు. గానీ నా మోటరు కాడనే చెప్పు, నా ముందర చెప్పు. నీళ్లు పాడైనయంటె వీళ్లు ఏమంటరో నాకెర్కనే. గా ఇంటి నీళ్లు తాగొద్దని మా పెద్దోళ్లు ఊకెనే చెప్పిండ్రా అంటరు. రాయి చేసింది, నా చెయ్యి చెయ్యలేదు అని వాళ్లకు ఎర్కగావాలె. అంత జేస్తవా?"

చేస్తానన్నాను. అన్నాక భయం వేసింది. బోర్ల దగ్గర, మీటింగుల్లో ఎన్నో చెప్పాను గానీ, ఒక మనిషి చేతులు శుభ్రమైనవని రాళ్లతో రుజువు చేయమని నన్నెవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున మోటరు దగ్గర ఊరు చేరింది. మా డ్రైవరు ముందురోజే హోటల్లో టీ తాగుతూ నోరు జారినట్టున్నాడు, నేను చెప్పకముందే గుసగుసలు నడుస్తున్నాయి. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఒక పక్కన, మగవాళ్లు వేపచెట్టు నీడలో. పెద్దమ్మ స్విచ్చు డబ్బా పక్కన ఒంటరిగా నిలబడింది. ఆమె చుట్టూ నిన్నటిదాకా లేని ఖాళీ ఉంది.

నేను లావా, మరిగే నీళ్లు, పలుగురాయి అన్నీ చెప్పాను. నాకే విసుగొచ్చేలా చెప్పాను. ఊరి పెద్ద, అందరూ పటేలా అని పిలిచే ఆయన, కండువా సర్దుకుని అడ్డొచ్చాడు. "రాయిలకెల్లి నీళ్లలకు విషమొస్తదా మేడం? మా తాతల కాలం సంది రాళ్ల నడుమనే బతుకుతున్నం."

ఇక మాటలతో కాదనుకున్నాను. జీపులోంచి ఆ రాయి తెప్పించి బండ మీద పెట్టి సుత్తితో బలంగా కొట్టాను. నిప్పురవ్వ ఎగిరింది. వెంటనే గుప్పున వాసన, పోపులో వెల్లుల్లి వేసినట్టు. దగ్గరున్న ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎల్లిగడ్డ! అవ్వా, రాయిల ఎల్లిగడ్డ వాసన!" అంది.

"ఎల్లిగడ్డ కాదమ్మా. ఆ విషం వాసనే అట్లుంటది. రాయిని కొడితెనే వస్తది, నీళ్లల్ల రాదు. అందుకె మీకు తెల్వలే, నాకు తెల్వలే. ఈ పెద్దమ్మకు తెల్వలే. పాతోళ్లు తవ్వి రాయిని గాలికి తెరిచిండ్రు. గాలికి, నీళ్లకు ఆ రాయి తుప్పు పట్టి కరిగి గుంతలకు దిగుతుంది. ఇందుల మనిషి చేసింది ఏం లేదు."

ఒక్కొక్కరే వచ్చి ఎడంగా నిలబడే వాసన చూశారు. ఇంకోసారి కొట్టమన్నారు, కొట్టాను. ముసలివాళ్లు తలలూపారు. పని అయిపోయిందని నేను సుత్తి దించబోతుండగా పటేలు మళ్లీ అన్నాడు. "అదంత సరే మేడం. మరి గా చేన్లనే ఎందుకుంది?"

ఎవరూ నవ్వలేదు. ఆ ప్రశ్న దేని గురించో అక్కడ అందరికీ తెలుసు. పెద్దమ్మ నేల చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎండకు, మోకాళ్లకు, మీటింగులకు, అన్నిటికీ కలిపి ఒక్కసారే మండింది.

"ఇటు రా పటేలా" అని చేయి చాపి చూపించాను. గుంత దగ్గర మొదలైన తెల్లచార ముళ్లకంచె దాటి, దిబ్బ ఎక్కి దిగి, నేరుగా ఆయన మామిడితోటలోకి పోతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన తొక్కుతున్న రాళ్లే అవి. "ఈ చారనే నీ తోట కిందికి పోతుంది. నీ బోరు దీని మీదనే ఉన్నట్టుంది. నడు, బాటిల్ తెచ్చిన, నీ నీళ్లు గూడ పట్టుకపోత."

ఆయన కండువా దులుపుకుని ముందు నడిచాడు. నీళ్లు పట్టనిచ్చాడు. ఆ రోజే పెద్దమ్మ మోటరు పైపుకు, తాగవద్దని గుర్తుగా, ఎర్రరంగు పూశారు.

ఆయన బోరు ఫలితం కూడా వచ్చింది. అందులోనూ ఉంది, కొంచెం తక్కువ. ఆ సంగతి ముందు పెద్దమ్మకే చెప్పాలని ఎందుకో పట్టుబట్టినట్టు గద్వాల నుంచి అటు తిరిగాను. ఆమె ముఖంలో ఒక్క నవ్వు చూద్దామనుకున్నాను, దాచడం దేనికి. ఆమె మోటరు పక్కన గట్టు మీద కూర్చుని ఉంది. విన్నాక "వాళ్ల మనుమరాలు చిన్నది మేడం, గది గూడ తాగిందేమో" అంది. అంతే. నాకు సిగ్గేసింది.

దారిన పటేలు కోడలు దూరపు బాయి నుంచి బిందెతో పోతోంది. ట్యాంకరు ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. ఆమె మా వైపు చూసింది, మెల్లగా తల ఊపింది, ఆగలేదు. ఎవరు ఎత్తారో, బిందె నెత్తి మీదే ఉంది.

"వాసన చూసినోళ్లకు ఎర్కనే" అంది పెద్దమ్మ. "రేపు కొత్త కోడండ్లు ఒస్తరు. బొంబాయి పోయినోళ్లు తిరిగొస్తరు. గీమె మోటరు ఎందుకు బందైంది అని అడుగుతరు. ఎవలేం చెప్తరో నాకు తెల్వదు. గా రాయి ఉందా మేడం? నాకియ్యి. అడిగినోళ్లకు కొట్టి చూపిస్త."

జీపు సీటు కింద నుంచి రాయి తీసి ఆమె చేతిలో పెట్టాను. పెట్టగానే ఉద్యోగం నా నోటికొచ్చింది. "పిల్లలకు అందనియ్యకు పెద్దమ్మా. ఊకె కొట్టకు. ముట్టుకుంటె మాత్రం సబ్బుతోని చేతులు కడుక్కోవాలె."

ఆమె తలెత్తి నన్ను చూసింది, కోపంగా ఏమీ కాదు. తర్వాత రాయిని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. మాట్లాడింది నాతో కాదు, దానితో.

"నిన్ను గూడ ముట్టుకుంటె కడుక్కుంటరంటనే."

ఆమె కొంగుతో రాయి మీది దుమ్ము తుడిచి, స్విచ్చు డబ్బా మీద, దారిన పోయేవాళ్లకు కనిపించేలా పెట్టింది.