మామ వేసిన దురాయి

ఆ రోజుల్లో బి.ఏ. చదివే కుర్రవాడికి లోకంలో తెలియనిదంటూ ఉండేది కాదు. నాకైతే అంతకంటే కాస్త ఎక్కువే తెలుసు. కావలి కాలేజీలో రాజనీతిశాస్త్రం తీసుకున్నాను మరి. మనుషులు ఒకప్పుడు కొట్టుకు చచ్చేవారనీ, ఆ బాధ పడలేక అందరూ ఒప్పందం చేసుకుని రాజ్యం పెట్టుకున్నారనీ ఒక ఇంగ్లీషాయన చెప్పాడు. చట్టం చేసేవాడూ, తీర్పు చెప్పేవాడూ, అమలు జరిపేవాడూ వేరువేరుగా ఉండకపోతే జనానికి స్వేచ్ఛ ఉండదని ఒక ఫ్రెంచాయన చెప్పాడు. ఇద్దరూ పోయి వందల ఏళ్లయింది కాబట్టి వాళ్ల తరఫున మాట్లాడే బాధ్యత నా మీదే పడిందనుకున్నాను.

పరీక్షల ముందు సెలవులకు అల్లూరు అవతల, సముద్రం ఒడ్డునున్న మా పల్లెకు వచ్చాను. చేపలు పట్టుకుని బతికే మా వాళ్లకు పోలీసూ కోర్టూ అన్నీ పెద్దకాపే, అంటే ఊరి పెద్ద. ఆయన మా మేనమామ. ఒకరు వల లాగుతుండగా పక్కన ఇంకొకరు వల వెయ్యకూడదని ఆ వారమే మామ కట్టడి చేశాడు. మర్నాడే మా చిన్నాన్న వేశాడు. తప్పేనని తీర్పు చెప్పిందీ మామే, వెళ్లి శిక్షగా చిన్నాన్న పడవ తెడ్లు మోసుకొచ్చిందీ మామే. నాకు ఫ్రెంచాయన పూనాడు. ఊరంతా కూర్చున్న తాటాకు పందిట్లో లేచి నిలబడి, "మూడు పనులూ ఒక్కడే చేస్తే అది నిరంకుశత్వం. అసలు నీకు ఈ అధికారం ఎవురిచ్చినారు మామా? ఒప్పందం యాడుండాది, చూపించు!" అన్నాను.

మామ చుట్ట తీసి పక్కన పెట్టాడు. "శానా చదివినావు అబ్బయ్యా. పెద్దలకు దండం పెట్టి తప్పయిందనేదాకా నీతో ఎవురూ మాట్లాడరు, నిన్ను ఎవురూ పడవెక్కించరు" అన్నాడు. దీన్నే మావైపు దురాయి అంటారు. వేస్తే దాటేవాడుండడు.

మా అమ్మ కూడా దాటలేదు. నాకు అన్నం పెట్టి, కోడిపెట్ట వైపు తిరిగి, "పులుసు చాలకపోతే అడగాలని తెలీదటే నీకు?" అనేది. (ఆ రెండు రోజుల్లో ఆ కోడి తిన్న తిట్లు నేను జన్మలో తినలేదు.) నేను మాత్రం ఇల్లు నిశ్శబ్దంగా ఉందని హాయిగా చదువుకున్నాను. మూడోరోజు పొద్దున పెట్టె పట్టుకుని ఉప్పుటేటి రేవుకు వెళ్లాను. మర్నాడే రాజనీతిశాస్త్రం పరీక్ష. తప్పితే ఏడాది పోయినట్టే, ఏరు దాటితే గాని బస్సు లేదు. పడవ నడిపే అన్న నన్ను చూడనట్టే, చేతిలోని గడతో చెబుతున్నట్టు, "ఎవురో వచ్చినట్టుండాదే? మనకేం కనపళ్లా" అన్నాడు. ఒప్పందం నచ్చనివాడు నిక్షేపంగా వెళ్లిపోవచ్చని పుస్తకంలో ఉంది గాని, పడవ ఎవరిస్తారో అందులో లేదు.

వెనక్కి పరుగెత్తి, మామ కాళ్ల ముందు సాష్టాంగపడి, "తప్పయింది" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. మామ నలుగురి ముందూ దురాయి ఎత్తేసి, తనే వచ్చి పడవెక్కి గడ పట్టాడు. ఏటి నడిమికి వచ్చాక ఎటో చూస్తూ, "నువ్వన్నదాంట్లో తప్పేం లేదురా. మూడు పనులూ నాకూ బరువే. తలా ఒకటి తీసుకోండయ్యా అని ఎన్నిసార్లు అడిగినానో. తీర్పు చెప్పి చెడ్డ కావడానికి ఎవురూ రారు. ఆ తెడ్లు మోసుకొచ్చిన దినం నాకు కూడు దిగలా" అన్నాడు.

"మరి అందరి ముందూ ఈ మాటే చెప్పొచ్చు గదా మామా?"

"చెప్తే రేపు నా మాట ఎవురింటారు?"

మర్నాడు ప్రశ్నపత్రంలో అధికార విభజనే వచ్చింది. ఫ్రెంచాయన చెప్పిందంతా నాలుగు పేజీలు రాశాను. మామ చెప్పింది ఒక్క ముక్క కూడా రాయలేదు. చేపలు పట్టే మామ మాట పరీక్షలో ఏమిటని నామోషీ. పాసయ్యాక మామ, "మా అల్లుడికి అధికారం సంగతంతా తెలుసు" అని ఊరూరా చెప్పుకు తిరిగాడట. ఆ మాట తల్చుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే ఆయన ఉంటే బాగుండుననిపిస్తుంది.