అల్ వక్రా మెట్రోలో బాలింత పద్యం

స్త్రీల ఆరోగ్యం, దాంపత్యం గురించి మధ్యయుగపు తెలుగు కవులు రాసిన పద్యాల మీద మాట్లాడడానికి దోహా వెళ్లాను. ప్రసంగానికి ముందురోజు, అల్ వక్రాలో ఉన్న స్నేహితురాలి ఇంటికి మెట్రోలో వెళుతూ నా కాగితాలు తిరగేస్తున్నాను. పక్కన బుర్ఖా వేసుకున్న పెద్దావిడ, ఆమెకు అటువైపు చంటిపిల్లతో కోడలు కూర్చున్నారు.

“తెలుగేనా? మాది నిజామాబాద్. ఏం చదువుతున్నవ్ బిడ్డా?” అంది పెద్దావిడ.

నసుగుతూ విషయం చెప్పాను. ముఖం చిట్లిస్తుందనుకున్నాను.

“మంచిగుంది. ఒకటి చదువు, ఇంటా,” అంది.

బాలింత ఒళ్లు కుదుటపడి, ఆమెకు మనసయ్యేదాకా భర్త ఓపిక పట్టాలని చెప్పే పద్యం చదివి, అర్థం చెప్పాను.

కోడలు తల దించుకుంది. “నాకింకా నొప్పిగనే ఉంది అమ్మీ. ఆయనకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు,” అంది మెల్లగా.

అత్తగారు గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. “పిచ్చిదానా, నాకన్న చెప్పొద్దా? రేపే డాక్టరమ్మ దగ్గరికి పోదాం. వానికి నేను చెప్త.” అంతలోనే నావైపు తిరిగి ఫోన్ తీసింది. “గా పద్యం మల్లొక్కసారి చదువు. రికార్డు చేస్త. నా కొడుకు డ్యూటీ దిగంగనే వినిపిస్త.”

కోడలు సిగ్గుతో దుపట్టాలో ముఖం దాచుకుంది. నేను రాగం తీసి మరీ చదివాను, అర్థం కూడా విడమరిచి చెప్పాను. అది కాగానే ఆవిడ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుంది.

“విన్నవా రా? నీ తాతల తాతలప్పుడే రాసిపెట్టిన్రు. ఇప్పుడన్న నేర్చుకో!”

కోడలు దుపట్టా వదిలేసి పకపకా నవ్వింది.