సగం అంటే దేనిలో సగం?

మా ఆఫీసు గుమాస్తా కవరు మీద లక్క కరిగించి ముద్ర వేస్తున్నాడు. ఆ కాలిన వాసన తగలగానే బెంగాల్లోని సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ పక్కనున్న మా తెలుగు చర్చి హాలు, బ్యాలెట్ పెట్టె మూతకు లక్క అంటిస్తున్న రత్నమ్మ దొడ్డమ్మ గుర్తొచ్చారు. ఆవిడ నాకు చుట్టం కాదు. రైల్వే ఆఫీసులో ఏళ్ల తరబడి ఉత్తర్వులు రాసి రిటైరైన మనిషి. సంఘంలో ఏ ఎన్నిక వచ్చినా అధికారి ఆవిడే. ఆ నెలంతా ఎవరింట్లోనూ టీ కూడా తాగేవారు కాదు.

అప్పుడు నేను లా చదువుతున్నాను. మా సంఘంలో కార్యదర్శి పదవికి ఎప్పుడూ ముగ్గురు నిలబడేవారు. మూడో వంతు దాటిన ఓట్లతోనే ఒకరు గెలిచేవారు, మిగతావాళ్లు ఏడాదంతా మూతి ముడుచుకునేవారు. దీన్ని బాగుచేద్దామని నేనే కొత్త నియమం రాశాను. ఒకరికి టిక్కు పెట్టడం కాదు, ఇష్టం కొద్దీ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలి. పోలైన ఓట్లలో సగానికి పైగా ఎవరికీ రాకపోతే, అందరికంటే తక్కువ వచ్చినవారిని తప్పించి, వారి ఓట్లను రెండో ఇష్టానికి పంచాలి. దొడ్డమ్మ శ్రీకాకుళం వెళ్లిన సమయంలో సభ దాన్ని చప్పట్లతో ఆమోదించింది. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ ఏడు మా అమ్మ కూడా నిలబడింది. ఆదివారం ఆరాధన అయ్యాక తొంభై ఓట్లు పడ్డాయి. మూడో స్థానంలో ఉన్న యేసుదాసు గారిని తప్పించి, ఆయన ఓట్లు పంచితే అమ్మకు నలభై నాలుగు, డానియేలు మాస్టారికి నలభై. మిగతా ఆరుగురు యేసుదాసు గారికి ఒకటి వేసి ఊరుకున్నారు, రెండో అంకె వేయలేదు.

“తొంభైలో సగం దాటలేదు కదా, ఎలా గెలిచినట్టు?” అన్నారు డానియేలు మాస్టారి పక్షం.

“ఆ ఆరూ ఎటూ పోనివే! మిగిలిన వాటిలో సగం దాటింది” అని మావాళ్లు.

నేను పరిగెత్తుకెళ్లి, “దొడ్డమ్మా, నా ఉద్దేశం మిగిలిన ఓట్లలో సగం అనే” అన్నాను.

ఆవిడ నేను రాసిన కాగితం రెండుసార్లు చదివారు. “నీ ఉద్దేశం నీ బుర్రలో ఉందే గుంటా. కాయితం మీదెక్కడుంది? పోలైన ఓట్లు అనే కదేటి రాసినావు?”

“ఇప్పుడు ఒక మాట చేరిస్తే?”

“పెట్టె తెరిసాక గీత జరపకూడదు. మీ అమ్మ కోసమైతే అసలు జరపకూడదు. లేచి తప్పు నీదని సెప్పు.”

లేచి, తప్పు నాదేనని చెప్పాను. ఎవరూ తిట్టలేదు. వెనక నుంచి ఎవరో “పర్లేదమ్మా, మేమూ సదవకుండానే సప్పట్లు కొట్టీసినాం” అన్నారు. హాలంతా నవ్వింది. అమ్మ తప్ప.

నియమం మార్చి మళ్లీ ఓటేయాలని తీర్మానం అయింది. ఈసారి దొడ్డమ్మ నన్ను వదల్లేదు. స్త్రీల కూటమిలో రసగుల్లా, సందేశ్, జిలేబీ మిఠాయిలలో ఏది తెప్పించాలో నా కొత్త నియమంతోనే ఓటు పెట్టించారు. ఒక ముసలమ్మ మూడింటికీ ఒకటి అంకే వేసింది.

“ఇదేటి మామ్మా?” అన్నాను.

“ఏటి సేస్తాం తల్లీ, అన్నీ ఇష్టమే!”

ఆ ఓటును ఏం చేయాలో నా కాగితంలో లేదు. దొడ్డమ్మ కళ్లద్దాలు తీసి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. “మంచి బుద్ధితో రాసినా చాలదే. దీంతో ఓడిపోయేవాళ్లకి ముందు సదివి వినిపించు. కన్నం వాళ్లకే కనబడతాది.” ఆ సాయంత్రమే డానియేలు మాస్టారి ఇంటికీ, యేసుదాసు గారి ఇంటికీ కాగితం పట్టుకెళ్లాను. అమ్మకూ చదివి వినిపించాను. ముగ్గురూ తలో కన్నం చూపించారు.

ఆ కన్నాలు పూడ్చి రాశాక, రెండోసారి డానియేలు మాస్టారు రెండు ఓట్ల తేడాతో గెలిచారు. ఎవరూ కిక్కురుమనలేదు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చేపల పులుసు గిన్నె నా చేతిలో పెట్టి, “ఆ దొడ్డమ్మకిచ్చిరా. ఎన్నికలైపోయినాయి కదా, తింటాది” అంది.

దొడ్డమ్మ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు నా పనే సంఘాలకు నియమావళులు రాయడం. మొన్న ఒక అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లకు రాసింది చదివి వినిపిస్తే అందరూ బాగుందన్నారు. మూలన కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం పెదవి విప్పలేదు. ప్రతిసారీ ఓడిపోయేది ఆయనేనట. కుర్చీ ఆయన వైపు జరుపుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను.

“చివర్లో ఇద్దరికీ ఓట్లు సమానంగా వస్తే ఏంటి దిదీ?” అన్నాడాయన.

పెన్ను మూత తీశాను.