మాకంటే ముందే వాడరేవు వెళ్లిన మేము

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో పెరిగినవాడికి ఆ మోతలో దయ్యం వెనక నిలబడి పిలిచినా వినపడదు, ఇక భయమెక్కడిది? మా అత్త గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టినప్పుడల్లా, పప్పులో వేసినా ఓ పూట గడిచేది కదా అనేవాణ్ణి. అందుకే ఈ సంగతి చెబితే మా బంధువులే నమ్మరు.

అడవిలోని అన్నలు ఒక పక్క, పోలీసులు ఒక పక్క, నడుమ మేము. అలాంటి రోజుల్లో పెళ్లయింది నాకు. నా భార్య రాజమణి నగలు అడగలేదు, చీరలు అడగలేదు. సముద్రం చూడాలంది. చూడటమే కాదు, నా చెయ్యి పట్టుకుని అందులో దిగాలంది. నగ అడిగినా బాగుండేది. మా మానేరు వాగులో నీళ్లు మోకాలు దాటితేనే నాకు గుండె దడ.

మా షెడ్డుకు అమావాస్య సెలవు. తాతల నాటి చేతిమగ్గం రోజుల నుంచీ వచ్చిన ఆనవాయితీ అది. ఆ నెల శనివారం అమావాస్య, మర్నాడు ఆదివారం. రెండు రోజులు కలిసి రావడం మాకు పెద్ద పండగ. చీరాల నుంచి వచ్చి మా దగ్గర పనిచేసిన ఒకాయన వాడరేవు అలల గురించి చెప్పి ఉన్నాడు. శుక్రవారం సాయంత్రం బస్సు, వరంగల్‌లో రైలు, పొద్దున్నే చీరాల, అక్కణ్ణించి సముద్రం. ప్రయాణం ఖాయమైంది.

"అమాస నాడు పయనమేంది, మీకేమన్న పురుగు కుట్టిందా?" అంది మా అత్త, రాజమణి తల్లి.

"మిగిలిన దినాలు సాంచలు నడుస్తయి గదనే అమ్మా," అంది రాజమణి. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం.

పులిహోర కలిపింది. సకినాలు మూట కట్టింది. శుక్రవారం మధ్యాహ్నం బంద్ పిలుపు వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, దుకాణాల షట్టర్లు దిగాయి. రాజమణి సంచి పక్కన కూర్చుని కదల్లేదు. ఆమె ఏడిస్తే సముదాయించేవాణ్ణి. ఏడవకుండా గోడకేసి చూస్తూ కూర్చుంది. 

మర్నాడు బంద్ జరుగుతుంటే తలుపు గడియ పెట్టి, చాప పరిచి, పక్కన కూర్చోమంది. "మనం పోదాం. మాటలతోనే పోదాం. ఎవ్వలు ఆపుతరో చూస్త," అంది.

సరే అన్నాను. రైలెక్కాం. కిటికీ పక్క సీటు కోసం కాసేపు తగువాడుకున్నాం. ఖమ్మం రాగానే పులిహోర తిన్నాం, అది మాత్రం నిజంగానే తిన్నాం. వాడరేవు చేరాం. ఇంట్లో నీళ్లు లేవు కాబట్టి నా ధైర్యానికి హద్దు లేకుండా పోయింది. ఆమె చెయ్యి పట్టుకుని సముద్రంలోకి దూకాను. ఈత కూడా కొట్టాను.

"గింత పెద్ద బట్ట, దీని అంచు యాడుందయ్యా?" అంది రాజమణి కళ్లు మూసుకుని.

"నేసెటోడు ఇంక సాంచ మీదికెల్లి దించలేదే," అన్నాను.

ఇదంతా గుసగుసగా మాట్లాడుకుంటున్నామనే మా నమ్మకం. మగ్గాల మోతలో బతికినవాళ్ల గుసగుస ఎలా ఉంటుందో మాకేం తెలుసు? వీధి చివరిదాకా వినిపించిందట. తలుపు దబదబా మోగింది. తీస్తే ఇద్దరు పోలీసులు.

"వరంగల్‌ల రైలెక్కుడేంది? లోపట ఎవడున్నడు? ఎటు పోతున్నరు?"

"సముద్రానికి, సార్."

"గీడ సముద్రం యాడిదిరా?"

ఒకాయన మంచం కింద వంగి మరీ చూశాడు. మూట విప్పించి, సకినాలు కొరికి చూసి, నిజంగా సకినాలేనని తేల్చుకున్నాక వదిలిపెట్టారు. మా ప్రయాణం అక్కడితో ఆపేశాం. చాప చుట్టేశాం.

మరుసటి నెలలో సెలవు పెట్టి నిజంగానే వెళ్లాం. దారిలో ఏ బంద్ తగల్లేదు. వాడరేవులో ఒడ్డునున్న టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టు నడిపే ఆవిడ నన్ను చూసి నవ్వింది.

"మళ్లీ వచ్చారా? రండి, కూర్చోండి."

ఎవరనుకుందో అని, మేం రావడం ఇదే మొదటిసారి అన్నాను.

"ఊరుకోండి బాబూ. పోయిన అమావాస్య నాడు వచ్చారుగా! ఈ అమ్మాయి చెయ్యి పట్టుకుని పరుగెత్తారు. అబ్బో, మీ ఈత ఈతా! సముద్రం హోరుకంటే మీ మాటలే ఎక్కువ వినపడ్డాయి. ఈ అమ్మాయి ఈ బట్టకు అంచెక్కడుందని అడిగితే, నేసేవాడు ఇంకా మగ్గం మీంచి దించలేదన్నారు. ఆ మాట మా ఆయనకు చెప్పి నవ్వుకున్నాం కూడా."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ మాటలు ఇంట్లో, గడియ పెట్టిన గదిలో అనుకున్నవి. వీధిలో ఎవరైనా విన్నారనుకున్నా, ఆ మాట చీరాల దాకా ఎవరు మోస్తారు? పోలీసులకు అంత తీరిక ఉంటుందా?

రాజమణి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గాయన మంచిగ ఈత కొట్టిండంట," అంది.

ఆ ఒక్క మాటకు నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. నాతో నన్నే పోల్చి తక్కువ చేస్తే ఏ మగాడు ఊరుకుంటాడు? లుంగీ ఎగ్గట్టి, ఆమె చెయ్యి పట్టుకుని దిగాను. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుము దాటాయి. ఒక అల వచ్చి ముఖాన కొడితే కేక పెట్టాను. రాజమణి నవ్వింది. పెళ్లయ్యాక ఆమె అంత నవ్వడం నేను చూడలేదు. భయంతో చస్తూనే, ఆ నవ్వు కోసం ఇంకో రెండు అలలకు నిలబడ్డాను.

ఒడ్డుకు వచ్చాక టీ కొట్టావిడను అడిగాను, ఆ రోజు మేము ఎప్పుడు తిరిగి వెళ్లామని.

"ఏమోనండీ. చీకటి పడి నేను కొట్టు కట్టేసేటప్పటికీ మీరింకా నీళ్లలోనే ఉన్నారు. రమ్మని పిలిచినా పలకలేదు."

అప్పుడు తట్టింది. పోలీసులు తలుపు కొట్టే సమయానికి, చాప మీది మా మాటల్లో, మేం ఇంకా నీళ్లలోనే ఉన్నాం. తిరుగు ప్రయాణం మాట అనుకోనేలేదు. 

"గాళ్లను ఇగ బయటికి రమ్మని పిలువే. నువ్వు పిలిస్తె వస్తరు," అన్నాను.

రాజమణి అలల వైపు చూసింది.

"ఎందుకయ్యా? వచ్చి ఏం జేస్తరు? మళ్ల గా సాంచలేనాయె, గా బందులేనాయె. గాళ్లనన్న ఉండనియ్యి," అంది.

మేమిద్దరమే తిరిగి వచ్చాం. ఇదెలా జరిగిందో నేనెవరికీ చెప్పలేను, నాకే తెలియదు. దయ్యమందామంటే మేం బతికే ఉన్నాం కదా!

ఇప్పటికీ టీవీలో తుఫాను వార్త వస్తే రాజమణి చేతిలో పని ఆపేసి అడుగుతుంది, "గాళ్లిద్దరు మంచిగనే ఉన్నరంటవా?"

"ఏం గాదు తియ్యి. చెయ్యి ఇడిచేటోడు గాదు వాడు," అంటాను.

ఏ ధైర్యంతో అంటానో నాకు తెలియదు. ఆమె మాత్రం ఆ మాట విన్నాకే పడుకుంటుంది.