తుష్నాబాద్‌లో ఎడారి

ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో వాన పట్టుకుందంటే ఉతికిన చొక్కా ఆరడానికి వారం పట్టేది, మా వ్యవసాయ ఆఫీసు ఫైళ్ళకు బూజు పట్టడానికి మాత్రం రెండు రోజులు చాలు. అలాంటి చోటికి ఎడారి మట్టి మీద పరిశోధన చేసిన ఆఫీసరును బదిలీ చేసిన మహానుభావుడెవరో నాకిప్పటికీ తెలియదు. మేమాయన్ని ఇసుక సాబ్ అనేవాళ్ళం (ఆయన లేనప్పుడు). మట్టిలోని ఇనుప రేణువులను బట్టి ఆ నేల మీద ఒకప్పుడు ఎంత వాన పడేదో చెప్పవచ్చునని సాబ్ నమ్మకం. ఎడారి మట్టికి అయస్కాంత గుణం తక్కువ, ఓ మోస్తరు వానలు పడే నేలకు ఎక్కువ, మరీ కుండపోత అయితే ఇనుము కరిగి కొట్టుకుపోయి మళ్ళీ తక్కువట. దాన్ని కొలవడానికి సూది ఊగే పెట్టె ఒకటి ఆయన దగ్గర ఉండేది. మట్టి తెచ్చే పని, కొత్తగా చేరినవాణ్ణి కనక, నాది.

"బాబూ, తుష్నాబాద్‌లో మీ మామ పొలం ఉంది కదా? ఆ మట్టి తీసుకురా. సూఖీ మిట్టీ, బాగా ఎండింది కావాలి," అన్నారు సాబ్.

పొలం మట్టి తెచ్చి పొయ్యి పక్కన రోజుల తరబడి ఆరబెట్టాలి. నాకంత ఓపికెక్కడిది? మామది గుంజల మీద ఎత్తుగా కట్టిన చెక్క ఇల్లు. ఎంత వానలోనైనా దాని కింద నేల పొడిగా ఉండేది. అక్కడే డబ్బా నింపుకొచ్చాను. వానాకాలమంతా మామ ఆ ఇంటి కిందే కూర్చుని, అడవి పనివాళ్ళ రంపాలకు ఆకురాయితో పదును పెడతాడని నాకు తెలుసు. రాలిన ఇనుప రజను ఎక్కడికి పోతుందో మాత్రం ఆలోచించలేదు.

సూది ఎగిరి పెట్టె అంచును కొట్టింది. సాబ్ కుర్చీలోంచి ఎగిరి లేచారు. "ఇక్కడ ఒకప్పుడు వాన ఓ మోస్తరే! మళ్ళీ తగ్గబోతోంది!" పైకప్పు కారుతుంటే బల్లను అటూ ఇటూ జరుపుకుంటూనే నివేదిక రాయించారు. నా భుజం తట్టి, "నీ నౌకరీ పక్కా," అన్నారు. మామ రంపాల రజను అప్పుడు గుర్తొచ్చింది గానీ, ఆ తట్టుడుకే నేను నోరు మూసుకున్నాను.

వారం తిరక్కుండానే ఆ నివేదిక ప్రకారం మామ పొలంలో వరి మాన్పించి జొన్న వేయించాలని మా ఆఫీసులోనే తేల్చారు. మామకున్న నేల ఆ ఒక్క చెక్కే. పరుగున వెళ్ళి సాబ్‌కు నిజం చెప్పేశాను. ఆయన తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నారు.

"కాగితం నిన్ననే పై ఆఫీసుకు ఓడెక్కింది బాబూ. ఇప్పుడిక అదే నిజం."

మామకూ చెప్పాను. ఆయన చేతిలోని రంపాన్ని వింతగా చూసుకున్నాడు. "ఓరి అల్లుడా! ఇది మాను కోత్తాదనుకున్నాను గానీ, వానని కూడా కోసేత్తాదేటిరా?"

అత్త నవ్వలేదు. "మరి ఏడాది తిండికేటి సేత్తాం?" అంది.

జొన్న మొలిచింది, నీళ్ళలో నిలబడింది, కుళ్ళింది. సాబ్ పదోన్నతి మీద మెయిన్‌లాండ్ వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం చర్చి అయ్యాక గోల్ ఘర్ బజారులో నా జీతంతో బియ్యం కొని, నెత్తిన పెట్టుకుని, గొడుగైనా లేకుండా తుష్నాబాద్ చేరేవాణ్ణి. మామ గుమ్మంలో నన్ను ఎగాదిగా చూసి, "ఎడార్లో ఇంతలా ఎలాగ తడిసిపోనావురా?" అనేవాడు. ప్రతి ఆదివారం అదే మాట. క్రిస్మస్ ముందు వారం మొదటిసారి అత్త కూడా నవ్వింది.

ఇప్పుడు మామ లేడు. నాకు గొడుగులు రెండున్నాయి. అయినా తుష్నాబాద్ వెళ్ళే రోజు వాన పడుతుంటే రెంటినీ ఇంట్లోనే మరిచిపోతుంటాను. గుమ్మంలో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు గానీ, జవాబు కోసం నేనింకా తడుస్తూనే ఉన్నాను.